ఆకు పసుపెక్కితే యూరియాయేనా? పంట పోషకాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి పడిన దగ్గర్నుంచి రబీ కోతల దాకా పోషకాల మీద వచ్చే సందేహాలు ఏటా దాదాపు అవే. వాట్సాప్‌లో ఒక ఆకు ఫోటో వస్తుంది, దాని కింద "ఏం కొట్టాలి?" అని ఉంటుంది. ఏం కొట్టాలో చెప్పాలంటే ముందు మూడు సంగతులు తెలియాలి. పసుపు ముదురాకులో మొదలైందా లేతాకులోనా? నేల ఏది? పొలంలో నీళ్లు ఎలా ఉన్నాయి? ఈ మూడూ చూడకుండా బస్తా విప్పితే డబ్బు పోవడమే కాదు, ఉన్న సమస్య ముదురుతుంది కూడా.

ప్రశ్నలను పంట దశల వారీగా పెట్టాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదట్లో వచ్చే సందేహాలు

మొక్కకు అసలు ఎన్ని పోషకాలు కావాలి?

పదిహేడు. వాటిలో కర్బనం, ఉదజని, ఆమ్లజని గాలి నుంచి, నీటి నుంచి వస్తాయి. మిగిలిన పద్నాలుగూ ఖనిజ పోషకాలు, వాటిని వేరు నేల నుంచి తీసుకోవాలి. నత్రజని, భాస్వరం, పొటాష్ ప్రధాన పోషకాలు. కాల్షియం, మెగ్నీషియం, గంధకం ఉప పోషకాలు. ఇనుము, మాంగనీస్, జింక్, రాగి, బోరాన్, మాలిబ్డినం, క్లోరిన్, నికెల్ సూక్ష్మపోషకాలు. మన రైతులు ఎక్కువగా కొనేది మొదటి మూడింటినే. పంట దెబ్బతినేది చాలాసార్లు మిగతా పదకొండులో ఏదో ఒకటి తక్కువై.

ఫలానాది అత్యవసర పోషకం అని ఎలా తేలుస్తారు?

1939లో ఆర్నన్, స్టౌట్ అనే శాస్త్రవేత్తలు మూడు షరతులు పెట్టారు. ఆ మూలకం లేకపోతే మొక్క విత్తనం నుంచి విత్తనం దాకా తన జీవితచక్రం పూర్తి చేయలేకపోవాలి. దాని లోపాన్ని అదే తీర్చాలి, ఇంకోటి తీర్చలేకపోవాలి. మొక్క లోపలి పనిలో దానికి నేరుగా పాత్ర ఉండాలి. అంతకు ముందే, 1923లో, ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో క్యాథరీన్ వారింగ్టన్ చిక్కుడు జాతి మొక్కల మీద పనిచేసి బోరాన్ అవసరాన్ని చూపించారు. ఈ జాబితాలో చివరగా చేరింది నికెల్, అది 1987లో బార్లీ మీద రుజువైంది. యూరియాను అమ్మోనియాగా విడగొట్టే ఎంజైమ్‌కు నికెలే ఆధారం.

సూక్ష్మపోషకాలంటే అంత ముఖ్యం కానివేనా?

కాదు. "సూక్ష్మ" అన్నది మోతాదు గురించే. పప్పులో ఉప్పు లేకపోతే చింతపండు, కారం, తాలింపు ఎంత దట్టించినా ఉప్పు లోటు తీరదు కదా, ఇదీ అంతే. ఏ పోషకం అన్నిటికంటే తక్కువగా ఉందో దిగుబడి అక్కడే ఆగిపోతుంది. జింక్ లేని వరిపొలంలో అదనంగా వేసిన యూరియా బస్తా గింజగా మారదు.

బస్తాలోని నత్రజని, పశువుల ఎరువులోని నత్రజని వేరువేరా?

వేరు లోపలికి వెళ్లేటప్పుడు తేడా లేదు. పేడ అయినా, యూరియా అయినా నేలలో మారి అమ్మోనియం గానో నైట్రేట్ గానో అయ్యాకే వేరు ఎక్కువగా తీసుకుంటుంది. తేడా ఉన్నది మోతాదులో, నేల మీద చూపే ప్రభావంలో. బాగా మాగిన పశువుల ఎరువులో నత్రజని దాదాపు అర శాతం, అంటే టన్నుకు 5 కిలోలు. ఒక్క యూరియా బస్తాలో 20 కిలోల పైనే ఉంటుంది. అయితే బస్తా ఇవ్వలేనివి పశువుల ఎరువు ఇస్తుంది: సేంద్రియ కర్బనం, నీటిని పట్టి ఉంచే గుణం, సూక్ష్మజీవులకు తిండి, కొద్దికొద్దిగా అన్ని సూక్ష్మపోషకాలు. సేంద్రియ కర్బనం అర శాతం కంటే పడిపోయిన నేలలో వేసిన ఎరువు నిలవదు. అందుకే ఈ రెండింటినీ పోటీకి పెట్టడం నాకు సరిగా అనిపించదు.

వరికి సిలికా కూడా కావాలంటున్నారు, నిజమేనా?

మేలు చేసే మూలకమే కానీ అత్యవసరాల జాబితాలో లేదు. వరి దాన్ని చాలా ఎక్కువగా తీసుకుని కాండం, ఆకు గట్టిపడటానికి వాడుకుంటుంది, పడిపోకుండా నిలబడుతుంది. గడ్డిని పొలంలోనే కలిపేస్తే సిలికా చాలావరకు తిరిగి నేలకే చేరుతుంది.

## దుక్కికి ముందు, దుక్కిలో

మట్టి పరీక్షకు మట్టి ఎలా తీయాలి? ఒకచోట గుప్పెడు తీస్తే చాలదా?

చాలదు. పొలంలో వంకరటింకరగా నడుస్తూ 8 నుంచి 10 చోట్ల తీయాలి. పైన చెత్త తీసేసి, 15 సెంటీమీటర్ల లోతున ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో గుంత తవ్వి, గుంత పక్క నుంచి పైనుంచి కిందిదాకా ఒక పొర మట్టి గీకండి. అన్నీ కలిపి, గడ్డలు చిదిమి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు రెండు ఉంచుకుని మిగతాది తీసేయండి. అరకిలో మిగిలేదాకా ఇలాగే చేయాలి. గట్టు పక్కన, చెట్ల నీడలో, పెంటకుప్ప వేసిన చోట, కాలువ ఒడ్డున, కొత్తగా ఎరువు చల్లిన చోట తీయొద్దు. సూక్ష్మపోషకాల పరీక్ష కూడా కావాలంటే తుప్పు పట్టిన పార వాడకండి, ఇనుము లెక్క తప్పుతుంది. మట్టిని నీడలోనే ఆరబెట్టాలి.

పండ్ల తోటకైతే ఈ పైపొర సరిపోదు. వేర్లు లోతుకు పోతాయి కాబట్టి పొరలవారీగా విడివిడి నమూనాలు తీయాలి.

సాయిల్ హెల్త్ కార్డు వచ్చింది. అందులో ఏం చూడాలి?

2015లో మొదలైన ఈ కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింక్, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్, వీటితోపాటు పీహెచ్ (నేల ఆమ్ల, క్షార గుణం), లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం. చాలామంది నేరుగా ఎన్‌పీకే (నత్రజని, భాస్వరం, పొటాష్) దగ్గరికి వెళ్తారు. నేనైతే ముందు పీహెచ్ చూడమంటాను. 6 నుంచి 7.5 మధ్య ఉంటే చాలా పోషకాలు వేరుకు అందుతాయి. 8 దాటిందంటే నేలలో జింక్, ఇనుము ఎంతున్నా అందేది తక్కువ. తర్వాత సేంద్రియ కర్బనం. ఆ తర్వాత జింక్ 0.6 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు అన్న లెక్క) కంటే, బోరాన్ 0.5 పీపీఎం కంటే తక్కువ ఉందేమో చూడండి.

ఎన్‌పీకే "తక్కువ" అని ఉంటే మీ పంటకు చెప్పిన సాధారణ మోతాదుకు 30 శాతం కలపండి, "ఎక్కువ" అని ఉంటే 30 శాతం తగ్గించండి, "మధ్యస్థం" అయితే అలాగే వేయండి. కార్డులో అంకెలు హెక్టారుకా ఎకరాకా అన్నది తప్పకుండా గమనించండి. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. ఈ ఒక్క పొరపాటుతో రెండు రెట్లకు పైగా ఎరువు పోసేవాళ్లున్నారు.

సంచి మీద 20-20-0-13 అని ఉంది. ఆ అంకెలేంటి?

వందకిలోల ఎరువులో వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం ఎన్ని కిలోలో చెప్పే అంకెలు. 50 కిలోల బస్తాలో 10 కిలోల నత్రజని, 10 కిలోల భాస్వరం, ఆరున్నర కిలోల గంధకం ఉంటాయి. పొటాష్ సున్నా. ఇది వేసి "పొటాష్ కూడా పడింది" అనుకోవద్దు. 14-35-14, 10-26-26, 17-17-17 లాంటి వాటిలో మూడూ ఉంటాయి.

మా పొలానికి ఎకరాకు 48-24-16 వేయమన్నారు. బస్తాల లెక్కలో ఎంత?

ఇవి వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ కిలోలు. భాస్వరంతో మొదలుపెట్టండి. ఒక 50 కిలోల డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్) బస్తాలో భాస్వరం 23 కిలోలు, నత్రజని 9 కిలోలు. అంటే భాస్వరం దాదాపు పూర్తయింది. నత్రజనిలో ఇంకా 39 కిలోలు కావాలి. యూరియాలో 46 శాతం కాబట్టి 85 కిలోలు పడుతుంది, 45 కిలోల బస్తాలు రెండింటికి కాస్త తక్కువే. మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో 60 శాతం, కాబట్టి 27 కిలోలు చాలు. పక్క రైతు ఎకరాకు నాలుగు బస్తాల యూరియా వేశాడని మీరూ వేయాల్సిన పని లేదు.

డీఏపీ ప్రతి పంటకూ వేయాల్సిందేనా?

అక్కర్లేదు, మట్టి పరీక్షలో భాస్వరం ఎక్కువని వస్తే తగ్గించవచ్చు. భాస్వరం నేలలో కదలదు, యూరియాలా కొట్టుకుపోదు. ఏళ్ల తరబడి వేసింది కాల్షియంతోనో ఇనుముతోనో బిగుసుకుపోయి పొలంలోనే ఉండిపోతుంది. అలాంటి పొలాల్లో మళ్లీ మళ్లీ డీఏపీ వేస్తే జింక్ అందకుండా పోతుంది, ఇదే పెద్ద నష్టం. భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియాను మాగిన పశువుల ఎరువులో కలిపి దుక్కిలో వేయడం మంచిది. ఒక మినహాయింపు: రబీలో, చలికి నేల చల్లబడినప్పుడు, వేర్లు భాస్వరాన్ని సరిగా తీసుకోలేవు. అప్పుడు మరీ కోత పెట్టకండి.

జింక్ సల్ఫేట్‌ను డీఏపీతో కలిపి ఒకేసారి చల్లితే కూలి మిగులుతుంది కదా?

కూలి మిగులుతుంది, జింక్ పోతుంది. రెండూ కలిస్తే జింక్ ఫాస్ఫేట్ అవుతుంది, అది నీళ్లలో సరిగా కరగదు, మొక్కకు అందదు. మధ్యలో కనీసం మూడు రోజుల ఎడం ఇవ్వండి. వరికి జింక్ లోపం ఉన్న నేలల్లో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ ఆఖరి దమ్ములో (నాటే ముందు బురద దున్నేటప్పుడు) వేస్తే రెండు మూడు పంటలకు సరిపోతుంది. ఇది 21 శాతం జింక్ ఉన్న రకానికి చెప్పిన మోతాదు. 33 శాతం రకమైతే ఆ మేరకు తగ్గుతుంది.

ఎర్ర పొటాష్ మంచిదా, తెల్ల పొటాష్ మంచిదా?

సంచి మీద శాతం ఒకటే అయితే పొలానికి తేడా లేదు. ఎరుపు గనిలో కలిసిన ఇనుము మలినాల వల్ల వచ్చిందే. డ్రిప్‌లో వదలాలంటే మాత్రం పూర్తిగా కరిగే తెల్లదే తీసుకోండి.

మా నేల చౌడు. ఎరువు ఎక్కువేస్తే సరిపోతుందా?

ఎక్కువేయడం కంటే నేలను బాగుచేయడం ముందు. పాల చౌడులో ఉప్పు తెల్లగా పైకి తేలుతుంది, దాన్ని మంచినీటితో కడిగి మురుగు కాలువల్లోకి వదలాలి. కారు చౌడులో సోడియం నేలకణాలను పట్టుకుని ఉంటుంది, నీరు ఇంకదు, పీహెచ్ 8.5 దాటుతుంది. అక్కడ మట్టి పరీక్షలో చెప్పిన మోతాదులో జిప్సం వేసి, నీరు నిలగట్టి, తర్వాత తీసేయాలి. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని పక్కకు నెడుతుంది. జీలుగు లాంటి పచ్చిరొట్ట దీనికి మంచి తోడు.

## పైరు ఎదిగే దశలో

ఆకులు పసుపెక్కుతున్నాయి. ఏ పోషకం తక్కువైందో ఎలా తెలుస్తుంది?

మొక్క దగ్గర కూర్చుని, పసుపు కింది ఆకులో మొదలైందా పై ఆకులో మొదలైందా చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

నత్రజని, భాస్వరం, పొటాష్, మెగ్నీషియం మొక్కలో కదిలే పోషకాలు. తక్కువైనప్పుడు మొక్క ముదురాకుల నుంచి వాటిని లాక్కుని లేతాకులకు ఇచ్చుకుంటుంది. అందుకే లోపం కింద కనిపిస్తుంది. కింది ఆకు మొత్తం, కొన నుంచి మధ్య ఈనె వెంట లోపలికి, ఒకే తీరుగా పాలిపోతే నత్రజని. ఆకు అంచులు మాత్రమే కాలినట్టు గోధుమరంగుకు తిరిగితే పొటాష్. ఈనెలు పచ్చగానే ఉండి మధ్య భాగం పసుపో ఎరుపో అయితే మెగ్నీషియం. ఆకు పసుపెక్కకుండా ముదురు ఆకుపచ్చగా, ఊదా ఛాయతో, మొక్క గిడసబారి ఉంటే భాస్వరం. మొక్కజొన్న లేత పైరులో ఈ ఊదా రంగు బాగా కనిపిస్తుంది.

ఇనుము, కాల్షియం, బోరాన్ ఒకసారి ఆకులో చేరాక తిరిగి కదలవు. కాబట్టి లోపం కొత్త చిగురులోనే బయటపడుతుంది. లేతాకు ఈనెల మధ్య పసుపై, ముదిరితే ఆకంతా తెల్లబడితే ఇనుము. లేతాకు మొత్తం ఒకే తీరుగా లేత పసుపైతే గంధకం. చిగురు మాడి, మొగ్గ చచ్చిపోతే కాల్షియం గానీ బోరాన్ గానీ. జింక్ లోపంలో ఆకులు చిన్నవై, కణుపుల మధ్య దూరం తగ్గి గుబురుగా కనిపిస్తాయి. బత్తాయి, నిమ్మ తోటల్లో ఇది చాలా మామూలు.

ఇంకో సంగతి. పోషక లోపం సాధారణంగా మొక్కకు రెండు పక్కలా ఒకే తీరుగా, పొలంలో మడులకు మడులుగా వస్తుంది. అక్కడో మొక్క ఇక్కడో మొక్క పసుపైతే వైరస్‌నో, వేరుకుళ్లునో అనుమానించండి.

వరి నాటి మూడు వారాలైంది, యూరియా వేసినా పచ్చబడలేదు. ఇంకో దఫా వేయాలా?

వేయకండి. ఇలా అడిగే పొలాల్లో ఎక్కువగా కనిపించేవి రెండు కారణాలు.

మొదటిది జింక్ లోపం. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో వస్తుంది. పైనుంచి మూడో నాలుగో ఆకు చూడండి: తుప్పు రంగు మచ్చలుంటాయి, మొదలు దగ్గర మధ్య ఈనె తెల్లబడి ఉంటుంది, ఆకును రెండు వేళ్లతో వంచితే చిన్న శబ్దంతో విరుగుతుంది. పిలకలు రావు. ఉత్తర భారతంలో దీన్ని ఖైరా తెగులు అనేవారు. అది తెగులు కాదు, జింక్ లోపమని 1966లో పంత్‌నగర్‌లో వై.ఎల్. నెనే తేల్చారు. లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, ఐదు రోజుల ఎడంతో రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. ఇందులో పురుగుమందులు కలపవద్దు.

రెండోది సల్ఫైడ్ దెబ్బ, అంటే నేలలో పుట్టే విషవాయువు వేర్లను దెబ్బతీయడం. మురుగు పోని పొలంలో, కుళ్లని ఎరువు దున్నిన పొలంలో వస్తుంది. దిగితే కాలు లోతుకు పోతుంది, బుడగలు లేస్తాయి. ఒక దుబ్బు పీకి వేరు వాసన చూడండి. వేర్లు నల్లబడి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే దీనికి ఏ ఎరువూ మందు కాదు. నీళ్లు తీసేసి సన్నని నెర్రెలు వచ్చేదాకా ఆరబెట్టాలి. వేరుకు గాలి తగిలితే కొత్త వేర్లు వస్తాయి, పైరు కోలుకుంటుంది.

యూరియా చల్లేటప్పుడు వరిలో నీళ్లుండాలా, తీసేయాలా?

తీసేయాలి. బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టండి. నిండు నీటిలో చల్లితే యూరియా పై నీళ్లలోనే అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతుంది, గండి పడితే పక్క పొలానికీ పోతుంది. మొత్తం నత్రజనిని మూడు సమాన భాగాలు చేసి దమ్ములో, దుబ్బు చేసే దశలో, అంకురం దశలో (కాండం లోపల కంకి మొదలయ్యేటప్పుడు) వేయాలి. 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండి గానీ 250 కిలోల తేమ మట్టి గానీ కలిపి రెండు రోజులుంచి చల్లితే ఇంకా బాగా నిలుస్తుంది. ఎక్కువేస్తే చేను నల్లగా నిగనిగలాడుతుంది, చూడ్డానికి సంతోషంగానే ఉంటుంది. తర్వాత దోమపోటు, అగ్గితెగులు, పడిపోవడం అన్నీ ఆ చేనుకే ముందు.

20-20 గానీ 28-28 గానీ పైపాటుగా వేయొచ్చా?

వద్దు. వాటిలోని భాస్వరం చల్లిన చోటే ఉండిపోతుంది, పైన పడింది వేరు దాకా దిగదు. మీరు కట్టే ధరలో సగం ఆ భాస్వరానిదే. పైపాటుకు యూరియా, అవసరమైతే పొటాష్ చాలు. భాస్వరం మొత్తం దుక్కిలోనే పడాలి.

ఒక నానో యూరియా సీసా ఒక బస్తాకు సమానమంటున్నారు. నమ్మొచ్చా?

ఇది ఆకు మీద పిచికారీ చేసే ద్రవం. లెక్క చూసుకోండి. మొదట వచ్చిన అర లీటరు సీసాలో నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. తర్వాత వచ్చిన 20 శాతం రకంలోనూ సుమారు 100 గ్రాములే. 45 కిలోల యూరియా బస్తాలో 20.7 కిలోలు. ఆకు మీద పడింది నేలలో వేసినదాని కంటే బాగా ఒంటబడుతుందన్నది నిజమే, కానీ ఆ తేడా ఇన్ని వందల రెట్లను పూడ్చదు. ఎకరా వరి కిలోల కొద్దీ నత్రజనిని గింజలోకి పంపుతుంది, అది ఎక్కడో ఒకచోటి నుంచి రావాలి. పిచికారీని అదనపు ఊతంగా వాడాలనుకుంటే వాడండి. దుక్కిలో, దుబ్బు దశలో వేయాల్సిన నత్రజనిని మాత్రం దాని పేరు చెప్పి మానేయకండి.

వేరుశనగ లేతాకులు తెల్లగా అవుతున్నాయి. ఇనుము లోపమేనా? మా నేలలో ఇనుము చాలా ఉందన్నారే?

రెండూ నిజం కావచ్చు. సున్నం పాలు ఎక్కువగా ఉన్న నల్ల నేలల్లో ఇనుము ఉన్నా, వేరు తీసుకోలేని రూపంలో ఉంటుంది. వానలు ఎక్కువై నీరు నిలిచినప్పుడు ఇంకా కనిపిస్తుంది. నేలలో అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) చల్లితే అదీ బిగుసుకుపోతుంది కాబట్టి ఆకు మీదే ఇవ్వాలి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి వారం ఎడంతో రెండుసార్లు సాయంత్రం పూట కొట్టండి. నిమ్మ ఉప్పు మానేస్తే ద్రావణంలోనే ఇనుము తుప్పులా మారిపోతుంది. కలిపిన వెంటనే వాడేయాలి.

వారం రోజులు ముసురు పట్టింది, పత్తి మొత్తం పాలిపోయింది. ఏ ఎరువు?

ముందు కాలువ తీసి నీటిని బయటికి పంపండి. నేలంతా నీళ్లుంటే వేరుకు ఊపిరాడదు, ఎరువున్నా తీసుకోలేదు. కాస్త తెరిపివ్వగానే లీటరుకు 20 గ్రాముల యూరియా గానీ 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) గానీ పిచికారీ చేస్తే వేరు కోలుకునేదాకా ఆకు నిలబడుతుంది. నేల ఆరాక పైపాటు ఎరువు వేసి గుంటక తోలండి.

మిర్చి ఆకులు ముడుచుకుంటున్నాయి. బోరాన్ కొట్టమన్నారు, కొట్టాలా?

ఆకు పైకి ముడిచిందా కిందికి ముడిచిందా చూడండి. పడవలా పైకి ముడిస్తే తామర పురుగులు. కిందికి తిరగబడితే నల్లి. చిన్న చిన్న ఆకులు పసుపు ఈనెలతో గుత్తులా అయితే తెల్లదోమ తెచ్చిన వైరస్. ఈ మూడింటికీ బోరాన్ పనిచేయదు. బోరాన్ లోపంలో చిగురాకు మందంగా, పెళుసుగా అవుతుంది, చిగురే చచ్చిపోతుంది.

## పూత, కాయ దశలో

పత్తి ఆకులు ఎర్రబడుతున్నాయి. పురుగా, లోపమా, చలా?

మూడూ కావచ్చు. ఆకు తిప్పి అడుగు భాగం చూడండి. లేతాకుపచ్చ రంగు పచ్చదోమ పిల్లలు అడ్డంగా పరుగెత్తుతుంటే, ఎరుపు అంచుల నుంచి లోపలికి వస్తుంటే, ఆకు కిందికి ముడుచుకుంటే అది దోమ. దోమ లేకుండా, కింది ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం ఎర్రబడితే మెగ్నీషియం లోపం. లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ విత్తిన 45 రోజులకు, 75 రోజులకు కొట్టండి. కాయలు నిండి, రాత్రి చలి పెరిగాక ముదురాకులు ఎర్రబడటం మామూలే, దానికి ఖర్చు పెట్టక్కర్లేదు.

వేరుశనగకు జిప్సం పూతలోనే ఎందుకు? దుక్కిలో వేస్తే రెండు పనులు ఒకేసారి అవుతాయి కదా?

ఈ పంటకున్న ప్రత్యేకతే ఇది. కాల్షియం వేరు నుంచి నీటితోపాటు పైకి, ఆకుల వైపు పోతుంది. ఆకులో చేరాక మళ్లీ కిందికి దిగదు. కాయేమో ఊడ (పువ్వు నుంచి నేలలోకి దిగే కాడ) ద్వారా భూమిలోకి దిగి అక్కడ పెరుగుతుంది. భూమిలో ఉన్న కాయ నుంచి నీరు ఆవిరవదు కాబట్టి వేరు తీసుకున్న కాల్షియం దానివైపు రాదు. కాయ తన తొక్కతోనే చుట్టూ ఉన్న మట్టి నుంచి కాల్షియం పీల్చుకోవాలి. అంటే కాల్షియం ఉండాల్సింది వేరు లోతులో కాదు, ఊడలు దిగే పై రెండు అంగుళాల మట్టిలో, ఊడలు దిగే సమయంలో.

ఎకరాకు 200 కిలోల జిప్సం తొలి పూత దశలో మొక్కల మొదళ్ల దగ్గర పడేలా వేసి, మట్టి ఎగదోయండి. ఊడలు దిగాక మొక్కలను కదిలించకూడదు. నేలలో తేమ ఉండాలి, ఎండు నేలలో జిప్సం ఉన్నా కాయకు అందదు. అనంతపురం లాంటి చోట్ల తేలిక ఎర్రనేలల్లో దీని అవసరం ఎక్కువ. కాల్షియం తగ్గితే తొక్క బాగానే తయారై లోపల పప్పు ఉండదు. గింజ వచ్చినా, దాన్ని రెండుగా చీల్చి చూస్తే మొలక మొదలు నల్లబడి కనిపిస్తుంది. అలాంటి గింజ విత్తనానికి పనికిరాదు. జిప్సంలోని గంధకం నూనెకు మేలు చేస్తుంది, అది అదనపు లాభం. దుక్కిలో భాస్వరం కోసం సూపర్ ఫాస్ఫేట్ వాడితే దానిలోనూ కాల్షియం, 11 శాతం గంధకం వస్తాయి, అయినా పూతలో జిప్సం మానకండి.

టమాటా కాయ అడుగు నల్లబడి కుళ్లుతోంది. కాల్షియం కొట్టాలా?

కాయ కొనకు కాల్షియం అందక వచ్చేదే, కానీ చాలాసార్లు అసలు కారణం నీళ్లు. నాలుగు రోజులు ఎండబెట్టి ఒకేసారి ముంచితే కాల్షియం సరఫరా తెగిపోతుంది. ముందు తడులు సమంగా ఇవ్వండి, మొదలు దగ్గర గడ్డి పరవండి, యూరియా తగ్గించండి. లీటరుకు 5 గ్రాముల కాల్షియం నైట్రేట్ పిచికారీ కొత్త పిందెలకు కొంత సాయం చేస్తుంది. నల్లబడిన కాయ మాత్రం బాగుపడదు, తెంపేయండి.

బోరాన్ ఏ పంటకు, ఎప్పుడు?

పొద్దుతిరుగుడుకు ఆకర్షక పత్రాలు (పువ్వు చుట్టూ ఉండే పసుపు రేకులు) విచ్చుకునే దశలో లీటరుకు 2 గ్రాముల బోరాక్స్ కొడితే తాలు గింజలు తగ్గుతాయి. పత్తికి లీటరుకు ఒకటిన్నర గ్రాములు, 60 రోజులకు, 90 రోజులకు. బొప్పాయి కాయలు గడ్డలు కట్టినట్టు వంకర పోతే, కాలీఫ్లవర్ కాడ లోపల డొల్లబారితే బోరాన్ లోపాన్ని అనుమానించండి. ఒక జాగ్రత్త: అన్ని పోషకాల్లోకీ లోపానికీ విషానికీ మధ్య ఎడం బాగా తక్కువున్నది బోరాన్‌కే. "ఇంకో గుప్పెడు" అనే అలవాటు దీని దగ్గర పనికిరాదు.

వరికి పొటాష్ రెండోసారి ఎందుకు వేయమంటారు?

తేలిక చల్కా నేలల్లో పొటాష్ నీటితో కిందికి దిగిపోతుంది, అందుకే సగం దమ్ములో, సగం అంకురం దశలో వేయాలి. నల్లరేగడి దాన్ని పట్టి ఉంచుతుంది, అక్కడ మొత్తం ఒకేసారి వేసినా చాలు. ఆకులో తయారైన పిండి పదార్థం గింజకు చేరడానికి పొటాష్ కావాలి.

పొగాకుకు మ్యూరేట్ ఆఫ్ పొటాష్ ఎందుకు వద్దంటారు?

అందులోని క్లోరైడ్ ఆకులో చేరితే పొగాకు సరిగా మండదు, ధర పడిపోతుంది. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడాలి. క్లోరిన్ మొక్కకు అవసరమే కానీ ఆ అవసరం చాలా కొద్ది.

## మిద్దె తోటలో

కోడిగుడ్డు పెంకులు, అరటి తొక్కలు, ఎప్సమ్ సాల్ట్ వేస్తే కుండీలకు అన్నీ అందినట్టేనా?

అందవు. పెంకు కాల్షియం కార్బనేట్, పిండిలా దంచితే గానీ కరగదు, అప్పుడూ నెలలు పడుతుంది. అరటి తొక్కలో పొటాష్ ఉంది, నత్రజని నామమాత్రం. పచ్చి తొక్కలు కుండీలో పూడిస్తే ఈగలు వస్తాయి, కంపోస్టులో వేయండి. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. మెగ్నీషియం లోపం లేకపోయినా నెలనెలా పోస్తే అది కాల్షియానికి అడ్డుపడుతుంది. కుండీ మట్టిలో మూడో వంతు దాకా మంచి వర్మీ కంపోస్టు, నత్రజని కోసం గుప్పెడు వేపపిండి, ఆవపిండి లాంటివి ఉంటే ఆకుకూరలకు దాదాపు సరిపోతుంది.

కోకోపీట్‌లో పెట్టిన మొక్కలు పాలిపోతున్నాయి, ఎందుకు?

కోకోపీట్ నీటిని పట్టి ఉంచుతుంది, తిండి పెట్టదు. సరిగా కడగని దానిలో ఉప్పు ఉంటుంది, కాల్షియం, మెగ్నీషియాలను అది తనే పట్టేసుకుంటుంది. రెండు మూడుసార్లు కడిగి, కంపోస్టుతో కలిపి వాడండి.

## కోత తర్వాత, తర్వాతి పంటకు

వరిగడ్డి తగలబెడితే బూడిద ఎరువే కదా?

పంట తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గింజలో కాదు, గడ్డిలోనే ఉంటుంది. కాలిస్తే నత్రజని దాదాపు మొత్తం, గంధకంలో చాలాభాగం గాలిలో పోతాయి. పొటాష్ బూడిదలో మిగిలినా కుప్పపడిన చోటే ఉంటుంది, తొలి వానకు కొట్టుకుపోతుంది. పైపొరలోని సూక్ష్మజీవులూ చస్తాయి. కోత యంత్రం వదిలిన గడ్డి మీద ఎకరాకు 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లి, తడి ఇచ్చి కలియదున్నండి. కుళ్లే సూక్ష్మజీవులు మొదట్లో నేలలోని నత్రజనిని వాడుకుంటాయి కాబట్టి వెంటనే నాటితే పైరు కొన్నాళ్లు పాలిపోతుంది. కుళ్లడానికి రెండు మూడు వారాలు వ్యవధి ఇవ్వండి.

మినుము, పెసర, కంది వేస్తే నత్రజని వేయక్కర్లేదా?

వేరు బొడిపెలు ఏర్పడేదాకా కొద్దిగా కావాలి, ఆ తర్వాత అక్కర్లేదు. బొడిపెలు పనిచేస్తున్నాయో లేదో చూడాలంటే పూతకు ముందు ఒక మొక్కను మట్టితో సహా తవ్వి తీయండి, లాగితే బొడిపెలు నేలలోనే తెగిపోతాయి. ఒక బొడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగుంటే గాలిలోని నత్రజనిని పట్టే పని జరుగుతోంది. తెల్లగా, ఆకుపచ్చగా ఉంటే జరగడం లేదు. చాలా ఏళ్లుగా ఆ పంట వేయని పొలమైతే విత్తనానికి రైజోబియం (బొడిపెలు కట్టే బ్యాక్టీరియా) కల్చర్ పట్టించండి. ఈ పనికి మాలిబ్డినం, ఇనుము, భాస్వరం కావాలి. యూరియా ఎక్కువైతే బొడిపెలు తగ్గిపోతాయి.

జీలుగు, జనుము ఎప్పుడు దున్నాలి?

పూత మొదలయ్యే సమయానికి, అంటే దాదాపు 45 నుంచి 50 రోజుల మధ్య. అప్పుడు కాండం లేతగా ఉండి త్వరగా కుళ్లుతుంది. కాయ పట్టేదాకా ఆగితే కాండం నారెక్కి, కుళ్లడానికి చాలా కాలం తీసుకుంటుంది. నీటి వసతి ఆలస్యమై అన్ని రోజులు ఆగలేకపోతే 35 రోజుల పైరునైనా కలియదున్నండి, రొట్ట తక్కువొచ్చినా నాట్లు వెనకబడవు. జీలుగు నీరు నిలిచే నేలల్లో, చౌడులో తట్టుకుంటుంది. జనుముకు నీరు నిలవని నేల కావాలి.